వాణిజ్య ప్రాంగణాలలో పచ్చదనం: విస్తీర్ణంతో పాటు నీటి లెక్క కూడా అవసరం

(ప్రత్యేక వ్యాసం)

ఏటా మార్చి నెల దాటగానే హైదరాబాద్ పశ్చిమ ప్రాంతంలోని కార్యాలయ సముదాయాల వద్ద ఒక వైరుధ్యం కనిపిస్తుంది. ప్రధాన ద్వారం వద్ద నీటి ట్యాంకర్లు వరుసలో నిలిచి ఉంటాయి. లోపల, ఎవరూ కాలు మోపని పచ్చిక మీద తుంపర్లు ఎగజిమ్ముతూ ఉంటాయి. పచ్చదనాన్ని పెంచాలన్నది ప్రభుత్వ విధానం. నీటిని పొదుపుగా వాడాలన్నదీ ప్రభుత్వ విధానమే. ఈ రెండు లక్ష్యాలూ ఒకే ఆవరణలో పరస్పరం ఢీకొనడానికి మొక్కలు కారణం కాదు. ఏ మొక్కను, ఏ నీటితో, ఎంత చోటులో పెంచుతున్నామన్న లెక్క లేకపోవడమే కారణం.

నీటి ఎద్దడిని తట్టుకునే, తక్కువ నిర్వహణతో నిలిచే ఉద్యానాలు వాణిజ్య ప్రాంగణాలకు ఎంతో అనువైనవని ఇటీవలి సంవత్సరాలలో విస్తృతంగా ప్రచారం జరుగుతున్నది. ఈ ప్రచారంలో వాస్తవం ఉంది. కాగా, దానిని అర్థం చేసుకోకుండా అనుసరిస్తే కలిగే నష్టాలను కూడా తెలుగు రాష్ట్రాలు ఇప్పటికే చవిచూశాయి. ఈ రెండు పార్శ్వాలనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో వాణిజ్య నిర్మాణాలు శరవేగంగా విస్తరించాయి. ఈ ప్రాంతమంతా గ్రానైటు శిలల మీద పరచుకున్న పలుచని ఎర్ర చెలక నేల. గట్టి రాతిపొరలలో నీరు నిలిచేందుకు పగుళ్లు, సందులు మాత్రమే ఆధారం. వర్షపు నీరు ఇంకే చోటు తగ్గి, బోరుబావుల సంఖ్య పెరిగితే భూగర్భ జలమట్టం వేగంగా పడిపోవడం ఇటువంటి నేలల స్వభావం. ఒక ప్రాంగణంలోని బోరు తోడుకునే నీరు ఆ ప్రాంగణానికి మాత్రమే చెందినది కాదు. ప్రహరీ అవతలి కాలనీకి, బస్తీకి కూడా అదే నీరు ఆధారం.

నగరానికి ఉపరితల జలాలు కూడా సులభంగా లభిస్తున్నవి కావు. 1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నగరపు దాహాన్ని తీర్చిన రోజులు గతించాయి. ఆ తరువాత మంజీర, సింగూరు, 2004 నుండి కృష్ణ, 2015 తరువాత గోదావరి జలాలపై నగరం ఆధారపడవలసి వచ్చింది. కృష్ణా, గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి, ఎత్తిపోతల ద్వారా, భారీ విద్యుత్ వ్యయంతో నగరానికి చేరుతున్నాయి. శుద్ధి చేసి ఇంత దూరం తెచ్చిన నీటిని గడ్డి మీద చల్లడం ఎంతవరకు సమంజసమన్నది సహజంగానే ఉదయించే ప్రశ్న.

ఇక నిబంధనల విషయానికి వస్తే, 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో జారీ అయిన భవన నిర్మాణ నిబంధనలు (జి.ఓ.ఎం.ఎస్. నెం. 168) బహుళ అంతస్తుల భవనాల స్థలంలో కనీసం 10 శాతాన్ని బహిరంగ స్థలంగా, పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించాయి. నగరాలలో ఊపిరాడే చోటును కాపాడడంలో ఇటువంటి నిబంధనల పాత్ర తక్కువేమీ కాదు. అయితే ఈ కొలమానం చదరపు మీటర్లది. ఆ చదరపు మీటరు రోజుకు ఎన్ని లీటర్ల నీరు తాగుతుందన్నది ఈ కొలతలో కనిపించదు. ఫలితంగా తక్కువ కాలంలో పచ్చగా కనిపించేదీ, నర్సరీలో చాపల వలె చుట్టి దొరికేదీ అయిన పచ్చిక అనేక ప్రాంగణాలలో తొలి ఎంపిక అయింది.

ఒక ఎకరం పచ్చిక దాహం ఎంత?

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే సరిగ్గా ఒక లీటరు. వేసవిలో పచ్చికను పచ్చగా నిలపడానికి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు అవసరమని అనుకుంటే, 4,047 చదరపు మీటర్ల ఎకరానికి రోజుకు సుమారు 20,000 లీటర్లు కావాలి. తుంపర్ల పద్ధతిలో గాలికి, ఎండకు ఆవిరయ్యే నీరు దీనికి అదనం. వంద రోజుల వేసవికి ఇది 20 లక్షల లీటర్లు, అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు 400.

ఇదే పరిమాణాన్ని మనుషుల అవసరాలతో పోల్చి చూడవచ్చు. నగరాలలో తలసరి నీటి సరఫరాకు ప్రమాణంగా తీసుకునే 135 లీటర్ల లెక్కన, ఒక ఎకరం పచ్చిక తాగే నీరు సుమారు 150 మందికి దైనందిన అవసరాలన్నీ తీరుస్తుంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి కార్యాలయాలకు సూచించిన, ఒక్కో ఉద్యోగికి 45 లీటర్ల ప్రమాణం ప్రకారం చూస్తే, అది సుమారు 450 మంది ఉద్యోగుల కార్యాలయానికి సరిపడే నీరు.

అదే ఎకరంలో పదో వంతు మాత్రమే పచ్చికగా ఉంచి, మిగిలిన చోట వేళ్లూనుకున్న చెట్లు, పొదలు, నేలను పరచుకునే మొక్కలు పెంచితే పరిస్థితి మారుతుంది. అటువంటి మొక్కలకు వేసవిలో సగటున రోజుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల నీరు సరిపోతుందనుకుంటే, మొత్తం అవసరం సుమారు 7,500 లీటర్లకు పరిమితమవుతుంది. నేల స్వభావాన్ని, నీడను, గాలిని అనుసరించి ఈ అంకెలు మారవచ్చు. అయినప్పటికీ నీటి అవసరం సగం కంటే తక్కువకు పడిపోతుందన్న అంచనాలో పెద్ద తేడా ఉండదు. పచ్చదనపు విస్తీర్ణం ఒక్క చదరపు మీటరు కూడా తగ్గకుండానే ఇది సాధ్యమన్నది గమనార్హం.

ఇతర నగరాలు నేర్పిన పాఠాలు

ఈ లెక్కలను సకాలంలో వేయని నగరాలు సంక్షోభ సమయంలో హడావుడిగా వేయవలసి వచ్చింది. 2019 వేసవిలో చెన్నైకి తాగునీరందించే పూండి, చోళవరం, పుఝల్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపుగా అడుగంటాయి. తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు అందుకునే నగరం కూడా ట్యాంకర్ల కోసం ఎదురు చూడవలసి వచ్చింది. పాత మహాబలిపురం రోడ్డులోని సమాచార సాంకేతిక సంస్థలు కొన్ని, నీరు లేని కారణంగా ఉద్యోగులను ఇంటి నుండి పనిచేయవలసిందిగా కోరాయి.

2024 మార్చిలో బెంగళూరు నీటి సరఫరా మండలి తాగునీటిని తోటలకు, వాహనాలు కడగడానికి, నిర్మాణ పనులకు వాడరాదని నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయల జరిమానా విధించింది. ఆపత్కాలంలో ఇటువంటి నిషేధం తప్పనిసరి కావచ్చు. కాని నీటికి అలవాటుపడిన తోటకు హఠాత్తుగా నీరు ఆపివేస్తే, దానిని పెంచడానికి వెచ్చించిన ధనం, శ్రమ, నీరు మూడూ వృథా అవుతాయి. తోట రూపకల్పన దశలోనే నీటి కరువును దృష్టిలో ఉంచుకోవడం ఇందుకు విరుగుడు.

అమెరికాలోని పశ్చిమ రాష్ట్రాలు ఈ దిశలో శాసనపరంగా ముందడుగు వేశాయి. కొలరాడో నది ప్రవాహం క్షీణించిన నేపథ్యంలో నెవాడా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. లాస్ వేగాస్ పరిసరాలలో వాణిజ్య భవనాలు, కార్యాలయాలు, రహదారి విభాజకాల వంటి చోట్ల కేవలం అలంకారం కోసం పెంచే గడ్డికి ఆ నదీజలాలను వాడడాన్ని 2027 జనవరి నుండి ఈ చట్టం నిషేధించింది. కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టం వాణిజ్య, పారిశ్రామిక స్థలాలలోని అలంకార పచ్చికకు తాగునీటి వాడకాన్ని 2028 జనవరి నుండి నిషేధించింది. ఆటస్థలాలు, ప్రజలు కూర్చునే ఉద్యానవనాలు ఈ చట్టాల పరిధిలోకి రావు. మనుషులకు ఉపయోగపడే గడ్డి వేరు, చూపుకు మాత్రమే ఉన్న గడ్డి వేరు అన్న విభజన ఈ రెండు చట్టాలలోని కీలకాంశం. లాస్ వేగాస్‌లో గృహ ప్రాంగణాలపై జరిపి 2005లో వెలువరించిన అధ్యయనంలో పచ్చికకు చదరపు మీటరుకు ఏటా సుమారు 3,000 లీటర్ల నీరు అవసరం కాగా, మెట్ట మొక్కల తోటకు సుమారు 700 లీటర్లు సరిపోయినట్లు తేలింది.

ఎడారి తోట మనకు నమూనా కాదు

నీటి పొదుపు ఉద్యాన విధానానికి ఒక రూపం ఇచ్చినది అమెరికాలోని డెన్వర్ నగర నీటి సరఫరా సంస్థ. 1981లో ఆ సంస్థ దీనికి 'జెరిస్కేప్' అని పేరు పెట్టింది. పొడి అన్న అర్థం గల గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చింది. ముందస్తు ప్రణాళిక, నేల సారం పెంపు, తగిన మొక్కల ఎంపిక, అవసరమైనంత మేరకే పచ్చిక, సమర్థమైన నీటి పారుదల, నేలకు ఆచ్ఛాదన, తగిన నిర్వహణ అన్నవి ఇందులోని ఏడు సూత్రాలు. గులకరాళ్లు పరచి నాలుగు బ్రహ్మజెముడు మొక్కలు నాటడమే జెరిస్కేప్ అన్న అపోహ మన ప్రాంతంలో కొంత ప్రబలి ఉంది. ఈ ఏడు సూత్రాలలో అటువంటి సూచన ఏదీ లేదు.

పైగా మన వాతావరణం ఎడారి వాతావరణం కాదు. లాస్ వేగాస్‌లో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. హైదరాబాద్ సగటు వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలలలోనే కురుస్తుంది. కరువు జిల్లాగా పేరొందిన అనంతపురంలో సైతం సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందువలన మన మొక్కలకు రెండు పరీక్షలు ఉన్నాయి. వేర్ల చుట్టూ నీరు నిలిచే శ్రావణ భాద్రపదాలను, ఆకు మాడిపోయే రోహిణి కార్తెను అవి ఒకేలా తట్టుకోవాలి. ఎడారి మొక్క మొదటి పరీక్షలో, ముఖ్యంగా కృష్ణా, గుంటూరు ప్రాంతాల నల్లరేగడి నేలలలో, కుళ్లిపోతుంది. చిత్తడి నేల మొక్క రెండవ పరీక్షలో ఎండిపోతుంది.

గులకరాళ్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అద్దాల భవనం చుట్టూ రాళ్లు, సిమెంటు పలకలు పరిస్తే పగటి వేడి అక్కడే నిలుస్తుంది. ఆ వేడిని తొలగించడానికి శీతలీకరణ యంత్రాలు అదనంగా పనిచేయాలి. ఆవిరితో చల్లబరిచే పెద్ద యంత్రాలకు కరెంటుతో పాటు నీరు కూడా కావాలి. తోటలో ఆదా అయిన నీటిలో కొంత ఆ విధంగా ఖర్చు కావచ్చు. మన ప్రాంతంలో నీటి పొదుపు తోటకు పునాది రాయి కాదు, నీడనిచ్చే చెట్టు.

ఒకే మొక్క మీద ఆధారపడితే

నీటి ఎద్దడిని తట్టుకోవడం, నిర్వహణ అవసరం లేకపోవడం అన్న రెండు గుణాలు మాత్రమే చూసి మొక్కను ఎన్నుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కోనోకార్పస్ ఒక్కటి చాలు. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, నీరు తక్కువైనా వాడదు, ఏ ఆకారంలోనైనా కత్తిరించవచ్చు అన్న కారణాలతో ఈ విదేశీ మొక్కను తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం కార్యక్రమంలోనూ, రెండు రాష్ట్రాలలోని రహదారి విభాజకాలు, లేఅవుట్లు, వాణిజ్య ప్రాంగణాలలోనూ విరివిగా నాటారు. తరువాత దీని పుప్పొడి వలన శ్వాసకోశ సమస్యలు వస్తున్నాయని, వేర్లు భూగర్భంలోని పైపులను, కేబుళ్లను దెబ్బతీస్తున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తెలంగాణలో దీనిని నాటడాన్ని నిలిపివేశారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఈ మొక్క వలన కలిగే హాని ఎంతన్న దానిపై శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. ఉన్న చెట్లను నరికివేయాలా, ఉంచాలా అన్న వివాదం కూడా సమసిపోలేదు.

2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం తన చెట్లను పెద్ద ఎత్తున కోల్పోయింది. అనంతరం త్వరితగతిన పచ్చదనాన్ని పునరుద్ధరించే ప్రయత్నంలో ఏడాకుల చెట్టును పెద్ద సంఖ్యలో నాటారు. పూత కాలంలో దాని ఘాటు వాసనకు ఇబ్బంది పడుతున్నామని నగరవాసులు ఫిర్యాదు చేశారు. ఏడాకుల చెట్టు మన దేశపు చెట్టే. కనుక స్వదేశీ మొక్క అయినంత మాత్రాన సమస్య తీరదని, ఒకే జాతిని వేల సంఖ్యలో ఒకే చోట నాటడమే అసలు పొరపాటని దీని నుండి గ్రహించవలసి ఉంది. ఒక జాతికి తెగులు సోకినా, ఒక జాతి మీద ఫిర్యాదు వచ్చినా తోట మొత్తం ఒక్కసారిగా పోకుండా ఉండాలంటే వైవిధ్యం తప్పనిసరి.

మన నేలకు తగిన మొక్కలు

తగిన మొక్కల కోసం దూరం వెళ్లవలసిన పని లేదు. దక్కను పీఠభూమి మీద సహజంగా పెరిగే చెట్లు వేల సంవత్సరాలుగా వానను, ఎండను రెండింటినీ తట్టుకుంటూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం వేప, తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు, ఇవన్నీ మెట్ట నేలల మొక్కలు కావడం యాదృచ్ఛికం కాదు. ప్రజల జీవితంలో, పండుగలలో కలిసిపోయినవి సహజంగా ఈ నేలలో నిలిచినవే.

వాహనాలు నిలిపే చోట నీడకు వేప, కానుగ, పొగడ అనువైనవి. కానుగ వేసవి తొలి రోజులలోనే లేత ఆకు వేసి, నీడ అత్యవసరమైన నెలలలో నిండుగా ఉంటుంది. గాలివానకు కొమ్మలు సులభంగా విరిగే తురాయి వంటి చెట్లను వాహనాలకు, నడకదారులకు దూరంగా ఉంచడం మేలు. కంటికి ఇంపైన పూల కోసం ఏప్రిల్, మే నెలలలో పసుపు గుత్తులతో నిండే రేల, వేసవికి ముందే ఎర్రబడే మోదుగ ఉన్నాయి. పొదలుగా తంగేడు, వావిలి, అడ్డసరం పెంచవచ్చు. కాగితపు పూల తీగ నీరు తగ్గినప్పుడే విరగబూయడం తోటమాలులందరికీ అనుభవమే. వాలు ప్రదేశాలలో మట్టి కొట్టుకుపోకుండా వట్టివేరు, నిమ్మగడ్డి పట్టి ఉంచుతాయి. గన్నేరు గట్టి మొక్కే అయినా దానిలోని అన్ని భాగాలూ విషపూరితం. పిల్లలు తిరిగే పాఠశాలలు, ఆసుపత్రులు, అంగడి సముదాయాలలో దానిని చేతికందే చోట నాటకపోవడం శ్రేయస్కరం.

పచ్చికను పూర్తిగా తొలగించనవసరం లేదు. ఉద్యోగులు మధ్యాహ్నం కూర్చునే చోట, పిల్లలు ఆడుకునే చోట గడ్డికి ప్రయోజనం ఉంది. అటువంటి చోట్ల మన గరిక జాతి గడ్డి మేలైనది. నీరు తగ్గితే అది గోధుమ వర్ణానికి మారి నిద్రాణస్థితికి వెళుతుంది. తొలకరికి తిరిగి చిగురిస్తుంది. ఏప్రిల్‌లో కొంత రంగు మారిన గడ్డిని లోపంగా చూడకుండా రుతుధర్మంగా స్వీకరించడం యాజమాన్యాలు అలవరచుకోవలసిన దృష్టి.

వాడిన నీరే తోటకు ఆధారం

సరైన మొక్కలను ఎన్నుకున్న తరువాత మిగిలే ప్రశ్న ఆ కొద్దిపాటి నీరు ఎక్కడి నుండి రావాలన్నది. 2006 సెప్టెంబరులో వెలువడిన పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. ఇటువంటి పెద్ద సముదాయాలలో మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఏర్పాటు చేసి, శుద్ధి చేసిన నీటిని మరుగుదొడ్లకు, తోటలకు వాడడం ఆనవాయితీగా మారింది.

500 మంది పనిచేసే ఒక కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తలకు 45 లీటర్ల చొప్పున రోజువారీ వాడకం 22,500 లీటర్లు. ఇందులో 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తే 18,000 లీటర్లు. మరుగుదొడ్లకు తలకు 20 లీటర్ల చొప్పున 10,000 లీటర్లు పోగా తోటకు మిగిలేది 8,000 లీటర్లు. పైన చెప్పిన మిశ్రమ ఉద్యానం ఒక ఎకరానికి 7,500 లీటర్లు చాలు కనుక ఈ నీరు సరిపోతుంది. అదే ఎకరం పచ్చికకు 20,000 లీటర్లు కావాలి కనుక రోజూ 12,000 లీటర్లు బోరు నుండో, ట్యాంకరు నుండో తేవలసిందే. మొక్కల ఎంపిక సరైనదైతే ప్రాంగణం తన తోటను తానే పోషించుకోగలదని ఈ లెక్క తేటతెల్లం చేస్తున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. 2020లో కోవిడ్ మహమ్మారి అనంతరం వారంలో కొన్ని రోజులు ఇంటి నుండి పనిచేసే పద్ధతి అనేక సంస్థలలో స్థిరపడింది. ఉద్యోగులు రాని రోజున మురుగునీరు రాదు, శుద్ధి చేసిన నీరూ ఉండదు. తోట దాహం మాత్రం సెలవు తీసుకోదు. నిండు హాజరును ఊహించి రూపొందించిన పచ్చికకు ఇప్పుడు మంచినీరు పోయవలసి వస్తున్నదా అన్నది ప్రతి సంస్థా పరిశీలించుకోవలసిన అంశం. రెండు మూడు రోజులు నీరందకున్నా వాడిపోని మొక్కల విలువ ఇక్కడే తెలుస్తుంది.

శుద్ధి చేసిన నీటిలో లవణాలు ఎక్కువగా ఉండవచ్చు. అవి నేలలో పేరుకుపోకుండా వర్షాకాలంలో నీరు ఇంకి లవణాలను కడిగివేసే ఏర్పాటు ఉండాలి. బిందుసేద్యపు గొట్టాలు పూడిపోకుండా వడపోత అవసరం. మనుషులు తిరిగే చోట ఈ నీటిని తుంపర్లుగా చల్లకుండా నేలకే అందించాలి.

ఈ ప్రయత్నాలకు హైదరాబాద్‌లోనే రెండు దశాబ్దాల నాటి ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భాగస్వామ్యంతో నిర్మితమై, 2004 జులైలో నాటి రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించిన సి.ఐ.ఐ. - సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం, అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనంగా ప్రసిద్ధి చెందింది. అక్కడ వాడిన నీటిని మొక్కల వేర్ల మండలం ద్వారా సహజంగా శుద్ధి చేసి తోటకు వినియోగించే ఏర్పాటు చేశారు. పైకప్పు మీద కూడా పచ్చదనం పెంచారు. హైటెక్ సిటీకి సమీపంలోనే ఉన్న ఈ నమూనా, ఆ తరువాత వెలసిన సముదాయాలలో ఎన్నింటికి ఆదర్శమైందన్నది ఆలోచించదగినది.

'తక్కువ నిర్వహణ' అంటే నిర్వహణ లేకపోవడం కాదు

కరువును తట్టుకునే మొక్క నాటిన రోజు నుండే కరువును తట్టుకోదు. వేరు లోతుకు దిగేవరకు, సాధారణంగా మొదటి రెండు వేసవులు, దానికి క్రమబద్ధంగా నీరు అవసరం. తొలకరితో నాటితే వాన నీటితోనే వేరు సాగుతుంది. ప్రారంభోత్సవ తేదీని బట్టి మార్చిలో నాటితే ఆ మొక్కకు మొదటి వేసవి కడపటి వేసవి కావచ్చు. రోజూ కొద్దికొద్దిగా చిలకరిస్తే వేరు పైపైనే తిరుగుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు లోతుగా తడిపితే వేరు కిందికి దిగుతుంది. రాలిన ఆకును కాల్చివేయకుండా, బయటికి తరలించకుండా చెట్ల మొదళ్ల చుట్టూ పరిస్తే నేల తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కాలక్రమంలో అదే ఎరువవుతుంది.

నిర్వహణ ఒప్పందాల తీరు కూడా మారవలసి ఉంది. ఎన్నిసార్లు గడ్డి కోశారు, ఎన్ని గంటలు నీరు పెట్టారు అన్న దానిని బట్టి చెల్లింపు జరిగితే గుత్తేదారుకు నీటిని ఆదా చేసే ప్రోత్సాహం ఉండదు. ఎన్ని మొక్కలు బతికాయి, నెలకు ఎన్ని వేల లీటర్లు ఖర్చయ్యాయి అన్నవి ఒప్పందంలో కొలమానాలు కావాలి. ఇందుకు తోటకు ప్రత్యేకంగా ఒక నీటి మీటరు ఉంటే చాలు. ఈ మార్పు వలన తోట పనివారి ఉపాధికి ముప్పు కలుగుతుందన్న భయం కొందరిలో ఉంది. గడ్డి కోత తగ్గినా, కొమ్మల కత్తిరింపు, ఆకు ఎరువు తయారీ, బిందుసేద్య పరికరాల మరమ్మతు, నారు పెంపకం వంటి నైపుణ్యం గల పనులు పెరుగుతాయి. ఆ నైపుణ్యంలో శిక్షణ ఇవ్వడం, అందుకు తగిన వేతనం చెల్లించడం యాజమాన్యాల బాధ్యత.

చేయదగిన పనులు

2000 సంవత్సరంలో ఉమ్మడి రాష్ట్రంలో చేపట్టిన 'నీరు - మీరు' కార్యక్రమం, 2002లో అమలులోకి వచ్చిన జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం నీటిని, నేలను, చెట్టును ఒకటిగా చూడాలన్న దృష్టిని ఇచ్చాయి. వాల్టాగా ప్రాచుర్యం పొందిన ఆ చట్టం పేరులోనే ఈ మూడూ కలిసి ఉన్నాయి. ఆచరణలో మాత్రం బోరుబావి ఒక శాఖకు, పచ్చదనం మరొక శాఖకు, భవన అనుమతి ఇంకొక శాఖకు చెందిన అంశాలుగా విడిపోయాయి. ఈ మూడింటినీ ఒకే పట్టికలోకి తేవడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు.

* భవన నమూనాతో పాటు తోట నమూనాను సమర్పించినప్పుడు, పచ్చదనపు విస్తీర్ణంతో పాటు వేసవిలో రోజుకు అవసరమయ్యే నీటి పరిమాణాన్ని, ఆ నీటి వనరును పేర్కొనవలసిందిగా కోరవచ్చు.

* నివాసయోగ్యతా పత్రం జారీ చేసే నాటికి మొక్కలు నాటినదీ లేనిదీ చూడడంతో సరిపెట్టకుండా, రెండు వేసవుల తరువాత మరొకసారి తనిఖీ చేయవచ్చు.

* ఏ ఒక్క జాతి మొక్కా ప్రాంగణంలోని మొత్తం మొక్కలలో నిర్ణీత శాతానికి మించకుండా పరిమితి విధించవచ్చు.

* మనుషులు ఉపయోగించే పచ్చికను, అలంకార పచ్చికను వేరు చేసి, రెండవదానికి తాగునీరు, బోరునీరు వాడరాదన్న నియమాన్ని ముందుగా ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణాలలోనే ఆచరించి చూపవచ్చు.

* ప్రభుత్వ నర్సరీలలో రేల, కానుగ, తంగేడు, వావిలి, పొగడ వంటి మొక్కలు తగినన్ని లభించేలా చూడాలి. నర్సరీలో దొరికేదే తోటలో నాటుతారన్నది అనుభవం చెప్పే సత్యం.

చివరి అంశం ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. కోనోకార్పస్ వ్యాపించడానికి ఆదేశాలు ఎంత కారణమో, కొమ్మ గుచ్చితే బతికే ఆ మొక్క నర్సరీలలో చౌకగా, సమృద్ధిగా దొరకడం అంతే కారణం. గుత్తేదారు చేతికి అందుబాటులో ఉన్న మొక్కను బట్టే నగరం రూపం నిర్ణయమవుతుంది.

ఇక పాత్రికేయుల పాత్ర. ఎన్ని లక్షల మొక్కలు నాటారన్న అంకె ప్రతి వర్షాకాలంలోనూ వార్త అవుతున్నది. మూడవ వేసవికి ఎన్ని నిలిచాయి, వాటికి ఏ నీరు పోశారు అన్న అంకెలు కూడా వార్తలు కావలసి ఉంది. ఈ ప్రశ్నలు అధికారులకు ఇబ్బంది కలిగించేవిగా కాక, పనిని సరిదిద్దుకునే సాధనాలుగా ఉపకరిస్తాయి.

పచ్చదనం నగరానికి విలాసం కాదు, అవసరం. అయితే ఒక ప్రాంగణంలోని పచ్చదనం పక్క బస్తీ బిందెలను ఖాళీ చేయరాదు. వేప నీడన నాలుగు తంగేడు పొదలు, కూర్చునేందుకు కొంత గరిక, తన ఇంటి వాడుక నీటితోనే బతికే తోట మన పెరళ్లకు కొత్త కాదు. ఆ పాత లెక్కను ఎకరాల స్థాయిలో తిరిగి వేయడమే వాణిజ్య ప్రాంగణాల ముందున్న కర్తవ్యం.